గాలిమోటారుకు ఏటి దాటు

ఆమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు పాత ఉద్యోగులను పిలిచి శాలువాలు కప్పే సభ ఒకటి పెట్టారు. నన్ను పరిచయం చేసినాయన, "వీరు రోడ్లే కాదు, విమానాశ్రయాలు కూడా వేశారు" అన్నాడు. రోడ్డు విషయంలో ఎవరూ ఏమీ అనలేదు గానీ విమానం మాట వినగానే ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "సార్, ఎక్కడి నుంచి ఎక్కడికి?" అని అడిగింది.

"పులివెందుల నుంచి జమ్మలమడుగుకు."

"ఎంత దూరం సార్? ఎంతసేపు పట్టేది?"

"ముప్పై మైళ్ళు. యాభై నిమిషాలు."

ఆ అమ్మాయి మనసులో భాగహారం చేసుకున్నట్టుంది. ముఖం చిట్లించింది. వెనకనుంచి ఒక కుర్రాడు, "ఎద్దులు కట్టినారా సార్ విమానానికి?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. శాలువా కప్పుకున్నవాడు కోపం తెచ్చుకుంటే బాగుండదు.

ఎద్దులు కట్టలేదు బాబూ. కానీ కట్టినంత పనయింది. ఆ రోజు సభలో చెప్పడానికి టైము చాలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు మనకు కర్నూలు రాజధాని. ఆఫీసులు కొన్ని డేరాల్లో నడిచేవి. డేరాల్లో కూర్చుంటే దూరాలోచనలు బాగా వస్తాయేమో, కరువు సీమలో అక్కడక్కడా చిన్న విమానాలు దిగే మైదానాలు వేయాలని అక్కడ ఎవరికో తోచింది. కరువొచ్చినా, ఏరొచ్చినా, రోగమొచ్చినా అధికారి గాని డాక్టరు గాని రెక్కలు కట్టుకుని వాలిపోవచ్చు. జమ్మలమడుగులో పెద్దాసుపత్రి ఉండేది. పులివెందుల వైపు పల్లెల నుంచి జబ్బు మనుషులు బండ్లెక్కి అక్కడికే వచ్చేవాళ్ళు. కాబట్టి ముందుగా ఈ రెండు ఊళ్ళ మధ్య ఒక ట్రయలు. నలుగురు పట్టే చిన్న విమానం, ఒక పైలటు, కర్నూలు నుంచి ఒక తనిఖీ అధికారి. ప్రయాణం బాగా జరిగితే మైదానాలు శాశ్వతం చేస్తారు. జరక్కపోతే లేదు.

నేను జమ్మలమడుగు సెక్షను ఓవర్సీరును. ఓవర్సీరంటే పైనుంచి చూసేవాడని అర్థమట. నేను సర్వీసంతా కిందికే చూశాను. గుంతలు, కంకర, మోరీలు, ఇదే నా లోకం. పైకి చూడాల్సి వచ్చింది ఒక్క రోజే.

మా పై ఇంజనీరుగారు ప్రొద్దుటూరులో ఉండేవారు. కృష్ణా జిల్లా మనిషి. మర్యాదస్తుడు. మా మాట ఆయనకు మొరటుగా వినిపించేది. ఎవరైనా "ఏంది సార్" అంటే ఒక అడుగు వెనక్కి వేసేవారు. విమానం జమ్మలమడుగులో దిగుతుందని తెలిసి ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళవాళ్ళు ఆయన్ను నిలదీశారట, మా ఊరేం పాపం చేసిందని. "నేల చదునుగా ఉన్నచోటే దిగుతుందండీ, ఊరి పెద్దతనం చూసి దిగదు" అన్నారట ఆయన. నాకు ఆ మాట చాలా నచ్చింది. ఎందుకంటే ఆ నేల చదును చేయాల్సింది నేను.

ఊరికి పడమట ఒక బంజరు. పైన బెత్తెడు మన్ను, కింద నాపరాయి. తుమ్మ కంప కొట్టించాం, గులకరాళ్ళు ఏరించాం, రోలరు తొక్కించాం. రెండు పక్కలా నాపరాళ్ళు వరుసగా పాతి సున్నం కొట్టించాం. మా మేస్త్రీ ఒక సాయిబు, నాకంటే పదేళ్ళు పెద్ద. అంత చక్కటి నేలను మేమిద్దరం అంతకు ముందు వేసింది లేదు. అది రోడ్డు కాకపోవడమే కారణమేమో. రోడ్డయితే మనుషులు నడుస్తారు, బండ్లు నడుస్తాయి, పాడవుతుంది. దీని మీద ఎవరూ నడవరు.

మరునాడు తెల్లవారి పోయి చూస్తే దాని మీద ఏడు పడుగులు.

నేత సంగతి తెలియని వాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. మగ్గానికి నిలువు దారాలు పడుగు, అడ్డదారాలు పేక. పడుగును మగ్గానికి ఎక్కించేముందు దానికి గంజి పెట్టాలి. వీధి పొడుగునా లాగి కట్టి, గంజి పూసి, ఆరేదాకా మనుషులు అటూ ఇటూ నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. ఆరకముందే ఎత్తితే దారానికి దారం అంటుకుని ముద్దవుతుంది. ఆ ముద్ద ఇక మగ్గమెక్కదు. జమ్మలమడుగు నేతగాళ్ళ వీధులు ఇరుకు. బండి వచ్చిందని, గొడ్డు వచ్చిందని, పెండ్లి ఊరేగింపు వచ్చిందని రోజూ తగాదా. వాళ్ళ కళ్ళ ముందు మేము పొడుగాటి, నున్నటి, రాయీ రప్పా లేని నేల ఒకటి పరిచి పెట్టాం.

ఏడు పడుగులకూ పెద్ద ఒక ముసలామె. వీధిలో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు. నడుము వంగింది గానీ మాట వంగలేదు.

"ఏందమ్మా ఇది? ఇది విమానాలు దిగే జాగా" అన్నాను.

ఆమె కుంచె ఆపకుండానే ఆకాశం వైపు చూసింది. "యాడ సామీ? నాకేం కనపళ్ళేదే."

"ఇప్పుడు కాదు. వస్తుంది."

"వచ్చినప్పుడు లేస్తాం. రోడ్డు మీద బస్సొస్తే లేయమా? ఇదీ అంతే."

"గవర్నమెంటు జాగా అమ్మా."

"తెలుసు లే నాయనా. గవర్నమెంటు ఇంత నున్నగా చేసిందంటే ఎవురికో ఒకరి కోసరమే గదా చేసింటాది. ఊరికే చేస్తాదా?"

నా సర్వీసులో మా శాఖను అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. మేస్త్రీ వైపు చూశాను.

"సార్, మనకు వాచ్‌మన్ మంజూరు లేదు" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "వీళ్ళుంటే మేకలు రావు, గొడ్లు రావు. కసువు గూడా వాళ్ళే ఊడ్చుకుంటారు. మనకు బరాబర్ పని."

అట్లా మైదానం విమానానికి ముందు పడుగులకు పనికొచ్చింది. పొద్దున అవి, ఆ తర్వాత ఎండ. వాళ్ళు రోజూ ఊడ్చి ఊడ్చి, రోలరు కూడా తేలేని నునుపు తెచ్చారు. ఇంజనీరుగారు ఒకసారి మధ్యాహ్నం పూట వచ్చి చూసి, "భలే ఉంచావయ్యా ఓవర్సీరూ, అద్దంలా ఉంది" అన్నారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

ఇక దూరం, కాలం సంగతి.

రెండు మైదానాల మధ్య విమాన దూరమెంత, ప్రయాణ కాలమెంత అని కర్నూలు నుంచి అడిగారు. నేను మ్యాపు తీసి రెండు ఊళ్ళ మధ్య స్కేలు పెట్టి గీత గీశాను. ముప్పై మైళ్ళు. విమానం గంటకు తొంభై మైళ్ళు పోతుందని వాళ్ళే రాశారు. ఇరవై నిమిషాలు. రోడ్డు కొలవాలంటే నెల రోజులు గొలుసు లాగించేవాణ్ణి. ఆకాశం కొలవడం ఇంత సులువని ముందే తెలిసుంటే అటువైపే ఉద్యోగం చూసుకునేవాణ్ణి.

కాగితం హెడ్ గుమాస్తా దగ్గరకు పోయింది. ఆయన మా ఆఫీసుకు గోడ లాంటివాడు. ఇంజనీర్లు వస్తారు, పోతారు, గోడ ఉంటుంది. వయసులో పెద్ద కాబట్టి నేను మామా అని పిలిచేవాణ్ణి. సాయంత్రం నన్ను పిలిపించినాడు.

"ఏమప్పా, పులివెందుల నుంచి వస్తే పెన్న దాటల్లనా లేదా?"

"దాటల్ల మామా."

"మరి ఏటి దాటు యాడ?"

ఇది అర్థం కావాలంటే మీరు అప్పటి పెన్న దాటి ఉండాలి. ముద్దనూరు మీదుగా జీపులో వచ్చినా, పులివెందుల నుంచి ఎట్లా వచ్చినా, జమ్మలమడుగు ముందర ఏరు అడ్డం. నీళ్ళుంటే నీళ్ళ బాధ, లేకపోతే ఇసుక బాధ. ఇసుకలో జీపు దిగబడేది. గట్టు మీద ఎద్దుల జతలు పెట్టుకుని కొందరు కాచుకుని ఉండేవాళ్ళు, జీపుల్ని లాగడానికి. మోటారు కనిపెట్టినవాడు ఆ దృశ్యం చూసి ఉంటే తన పనికి తానే నవ్వుకునేవాడు. అందుకని మా ఆఫీసులో ఎప్పటినుంచో ఒక కట్టుబాటు. పెన్న దాటే ప్రయాణం ఏదైనా సరే, కాలంలో అర్ధగంట ఏటి దాటు కలపాలి. ఎవరి టూరు ప్రోగ్రామైనా అది లేకుండా హెడ్ గుమాస్తా బల్ల దాటదు.

"మామా, ఇది గాలిలో పోతాది" అన్నాను.

"పోనీ. గాలిలో పోతే పెన్న మింద గాదా పోయేది?"

"పైన పోయేదానికి ఇసుకేంది, నీళ్ళేంది?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది ఆయనకు ఓపిక తెచ్చుకునే పద్ధతి. "చూడప్పా, నువ్వు విమానం ఎక్కినావా?"

"లేదు."

"నేనూ ఎక్కలే. ఎక్కని ఇద్దరం దాని గురించి తగవులాడేదెందుకు? పెన్న దాటే ప్రయాణం ఏదైనా అని ఉండాది. ఏదైనా అంటే ఏదైనా. బండి అని రాయలేదే? రేపు ఆడిటులో అడిగితే జవాబు జెప్పేది నేను."

నా ఇరవై నిమిషాల పక్కన ఆయన ఎర్రసిరాతో ఏటి దాటు అర్ధగంట కలిపాడు. కాగితం ప్రొద్దుటూరు పోయింది. ఇంజనీరుగారు తప్పక కొట్టేస్తారనుకున్నాను. సంతకం పెట్టి పంపారు. తర్వాత ఎప్పుడో తెలిసింది, పెన్న మీద గాలి సుడులు తిరుగుతుందేమో, ఈ ప్రాంతం వాళ్ళకు తెలియకుండా ఉంటుందా అని ఊరుకున్నారట. ఆయనకు మా మీద ఉన్న గౌరవం, మాకు నియమం మీద ఉన్న గౌరవం, రెండూ కలిసి విమానాన్ని ఇసుకలో దింపాయి.

సంతకం పడిన కాగితానికి ఒక మహిమ ఉంటుంది. అది వెనక్కి వచ్చి గోడకు అంటించాక, నేను రాసిన ఇరవై నిమిషాలు నాకే ఏదో పిల్లచేష్టలా కనబడింది. పదిగంటలకు పులివెందులలో లేస్తుంది, పది యాభైకి జమ్మలమడుగులో దిగుతుంది. తహసీలు నుంచి ఆసుపత్రి దాకా అందరికీ అదే చెప్పాం.

పెద్దమ్మకూ అదే చెప్పాను.

"పది యాభైకా? మంచిది సామీ. పది దాటేసరికే ఎత్తుకుంటాం" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పొద్దు నా పడుగు గూడా ఉండాది నాయనా" అంది.

ఆ మాట వెనకున్న సంగతి నాకు మేస్త్రీ చెప్పాడు. అది నూలు దొరకని సంవత్సరం. వీధిలో చాలా మగ్గాలు ఆగి ఉన్నాయి. పెద్దమ్మ మగ్గం నెలల తరబడి ఖాళీ. ఇంట్లో ఆమె, కోడలు, ఆ మగ్గం. ఇన్ని రోజులూ ఆమె ఇతరుల పడుగులే దువ్విపెట్టింది. తిరిగి తిరిగి ఎట్లాగో ఒక్క పడుగుకు సరిపడా నూలు సంపాదించింది. ఇది చెడితే ఇంకొకటి లేదు.

"ఇంకో దినం పెట్టుకోరాదా?" అని నేనే అడిగాను.

"అందరూ వస్తారు సామీ ఆ పొద్దు. మనుషులు లేంది పడుగు దువ్వేదెట్ల? రేపటికి ఎవురి పని వాళ్ళది." ఒకరి పడుగుకు అందరూ చేయి వేయాలి. అది వాళ్ళ కట్టుబాటు. మా ఆఫీసు కట్టుబాటు కంటే అర్థమున్నది.

ఆ రోజు వచ్చింది. దాంతోపాటు మంచూ వచ్చింది. ఏటి మీదినుంచి తెల్లగా లేచి మైదానమంతా కప్పింది. నా సున్నపు రాళ్ళు నాకే కనబడలేదు. గంజి పెట్టిన పడుగులు ఆరడం లేదు. మంచు విడిచేసరికి బాగా పొద్దెక్కింది. అప్పుడు ఎండ పడింది. ఒక్కొక్కటే ఆరుతుంటే ఒక్కొక్కటే చుట్టి ఎత్తుతున్నారు. పెద్దమ్మ తనది అందరికంటే చివర కట్టింది. పెద్దరికం అట్లా ఏడుస్తుంది.

మైదానం తూర్పు కొసన శామియానా. దండలు పట్టుకుని ఇంజనీరుగారు, హెడ్ గుమాస్తా, ఊరి పెద్దలు. వెనక ఊరంతా. పడమటి కొసన నేను, మేస్త్రీ, తడిపిన గడ్డికుప్ప. దీని పని చెప్పాలి. నేల సిద్ధంగా ఉంటే తడిగడ్డికి నిప్పు పెట్టి పొగ వేయాలి. పొగను బట్టి పైలటుకు గాలి వాలు తెలుస్తుంది. పొగ కనబడకపోతే విమానం దిగదు. అది కర్నూలు ఉత్తరువు. అంటే ఆ రోజు విమానాన్ని దించే అధికారం అగ్గిపెట్టెకుండేది. అగ్గిపెట్టె మేస్త్రీ చేతిలో ఉండేది. మేస్త్రీ నా మాట వినేవాడు.

ఏటి వైపునుంచి తుమ్మెద చప్పుడు లాంటిది వినిపించింది.

"సార్" అన్నాడు మేస్త్రీ.

"లారీ ఏదో" అన్నాను.

"ఆకాశంలో లారీనా సార్?"

చూశాను. చిన్నగా, తెల్లగా, నిజంగానే వస్తోంది. గడియారం చూసుకున్నాను. పది దాటి ఇరవై నిమిషాలు. నా లెక్క నాకెదురుగా ఎగురుతూ వస్తోంది. సరైన లెక్క చేసిన మనిషి అంత దిగాలుగా ఎప్పుడూ నిలబడి ఉండడు. విమానం వస్తున్నదని పులివెందుల నుంచి తంతి పెట్టారట. అది మధ్యాహ్నం అందింది.

నేల మీద ఒక్క పడుగు మిగిలింది. పెద్దమ్మది.

పరుగెత్తాను. "అమ్మా, వచ్చేసింది. ఎత్తండి!"

ఆమె చేత్తో దారాలు తాకి చూసింది. కోడలు కుంచె పట్టుకుని అట్లే నిలబడిపోయింది. మిగతావాళ్ళందరూ ఆగి పెద్దమ్మ ముఖం చూస్తున్నారు.

"పది యాభై అంటివే నాయనా."

"అన్నాను."

"ఇప్పుడెత్తితే పొయ్యిలోకి గూడా పనికిరాదు." కేక వేయలేదు, ఏడవలేదు. ఎండ వైపు చూసి, పడుగు వైపు చూసి, తర్వాత నన్ను చూసింది. "నువ్వు ఎత్తమంటే ఎత్తుతాం. లేస్తామని మాటిచ్చినాం గదా."

ఆమె అట్లా అనకుండా నాలుగు తిట్టి ఉంటే నా పని సులువయ్యేది.

వెనక్కి నడిచాను. విమానం ఊరి మీదికి వచ్చి ఒక చుట్టు తిరిగింది. జనం అరిచారు. మేస్త్రీ అగ్గిపుల్ల తీసి పట్టుకుని ఉన్నాడు.

"గీకేదా సార్?"

"ఉండప్పా."

ఆయన పడుగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పుల్లను మళ్ళీ పెట్టెలో పెట్టాడు. "నెమ్ము పట్టింది సార్ అగ్గిపెట్టె" అన్నాడు, నేను అడక్కుండానే. ఆ ఉదయమంతా అది ఆయన జేబులో వెచ్చగా ఉంది.

శామియానా నుంచి ఇంజనీరుగారి గొంతు. "ఓవర్సీరూ! పొగేదయ్యా?"

"గడ్డి తడిసిపోయింది సార్!" అని అరిచాను. అది అబద్ధం కాదు. తడిపింది మేమే.

విమానం గండికోట వైపు పోయి తిరిగి వచ్చింది. అధికారిగారికి కోట చూపిస్తున్నారని జనం మురిసిపోయారు. ఏటి మీద ఇంకో చుట్టు. ఈసారి కిందికి దిగి, మైదానం పొడుగునా మా తలల మీదుగా పోయింది. టోపీలు ఎగిరాయి. ఒక దండ ఊడి ఇంజనీరుగారి మెడలోనే పడింది. పడుగు మొత్తం రెపరెపలాడింది. ఆడవాళ్ళు రెండు కొసలా పట్టుకుని ఆపారు. దుమ్ము తగ్గాక చూస్తే పెద్దమ్మ దారాల మధ్య వేళ్ళు పోనిచ్చి చూస్తోంది. ముఖం కొంచెం విప్పారింది.

"సామీ!" అని కేకేసింది. "ఇంగొక తూరి అట్లే కిందుగా రమ్మను. ఈ పక్క ఆరలే!"

నేను చెప్పకుండానే అది ఇంకొకసారి వచ్చింది. ఇంకొకసారి వచ్చింది. ప్రతిసారీ జనం చప్పట్లు. ప్రతిసారీ కుంచెలు పరుగులు. ఇంతలో మేస్త్రీ నా చెవి దగ్గరకు వచ్చి, "సార్, దాంట్లో పెట్రోలు ఎంత పోసింటారు?" అన్నాడు.

ఆ ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదు. వచ్చాక ఇంకేదీ మిగల్లేదు. విమానం మాట వచ్చినప్పటినుంచీ అనుమానం ఉండేది, తర్వాత అవమానం ఉంటుందని అనుకున్నాను, ప్రాణాపాయమనే ఈ మూడోదాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. అందులో ఇద్దరు మనుషులున్నారు. ఇక్కడ దారాలు.

"ఈ చుట్టు తిరిగి వచ్చేసరికి వెలిగిద్దాం" అన్నాను. "ఎట్లున్నా సరే."

మేస్త్రీ తల ఊపాడు. పడుగు వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. మాట అక్కర్లేకపోయింది. పెద్దమ్మ దారాలను ఒక కొసనుంచి ఇంకో కొసదాకా అరచేత్తో తడుముకుంటూ నడిచింది. వంగిన నడుముతో అంత వేగంగా నడవగలదని నేననుకోలేదు. చివరి కొసన ఆగింది.

"ఎత్తండ్రా!"

ఏడు ఇళ్ళ వాళ్ళూ పట్టారు. చుట్టుకుంటూ పరుగెత్తారు. వాళ్ళు సున్నపు రాళ్ళు దాటడం, మేస్త్రీ పుల్ల గీకడం, ఒకేసారి. నెమ్ము పట్టిన పెట్టె మొదటి పుల్లకే వెలిగింది.

విమానం దిగింది. నా నేల బాగా పట్టుకుంది దాన్ని, ఒక్క కుదుపు లేదు. అధికారిగారు మెట్టు దిగి, ఇంజనీరుగారి భుజం పట్టుకుని కాసేపు అట్లే నిలబడ్డారు. ముఖం తమలపాకు రంగులో ఉంది. ఇంకొంచెం సేపటికి జేబులోంచి మా కాగితం తీశారు. గడియారం చూశారు. కాగితం చూశారు.

"పది యాభై" అన్నారు. "అక్షరాలా రైట్ టైము. పైలటు ఇరవై నిమిషాలే అని వాదించాడు. నేనూ మీ కాగితాన్ని నమ్మలేదు. ఈ అర్ధగంట ఎందుకు కలిపారు?"

హెడ్ గుమాస్తా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "పెన్న దాటేదానికి సార్."

అధికారిగారు కళ్ళు మూసుకుని తెరిచారు. "నిజం. ఆ ఏటి మీద మేము పడిన అవస్థ మీకు చెప్పినా అర్థం కాదు."

"మాకు తెలుసు సార్" అన్నాడు హెడ్ గుమాస్తా. నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఆయన రిటైరయ్యేదాకా మా ఆఫీసులో ఉండిపోయింది.

పైలటు కుర్రవాడు. ఎక్కడివాడో, తెలుగు అంతంతమాత్రం. అందరూ కాఫీలు తాగుతుంటే గడ్డికుప్ప దగ్గరకు వచ్చాడు. పొగను చూశాడు, తడి లేని అగ్గిపెట్టెను చూశాడు.

"పైనుంచి తెల్లగా, పొడుగ్గా, ఏదో" అన్నాడు చేతులు చాచి. "మనుషులు దాన్ని దువ్వుతున్నారు. ఏమిటది?"

చెప్పాను. పడుగు, గంజి, ముద్ద, అన్నీ. చివరిదాకా విన్నాడు.

"ఆరిందా?"

"ఆరింది."

"మంచిది" అని కాఫీ కోసం పోయాడు. కిందుగా అన్నిసార్లు ఎందుకు వచ్చాడో నేను అడగలేదు. అడిగి ఉంటే ఆయన చెప్పాల్సి వచ్చేది, నేను రాయాల్సి వచ్చేది.

కొన్నాళ్ళకు ప్రొద్దుటూరు ఆఫీసుకు రిపోర్టు వచ్చింది. ఇంజనీరుగారు నన్ను పిలిచి చదివి వినిపించారు. పులివెందుల, జమ్మలమడుగు విమాన మైదానాల మధ్య దూరం ముప్పై మైళ్ళు, ప్రయాణ కాలం యాభై నిమిషాలు, అందులో అర్ధగంట పెన్నా నది దాటడానికి. విమానానికీ జీపుకూ నది దగ్గర పట్టే కాలం ఒకటే కాబట్టి విమానం వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. ముందు నది సమస్య చూడాలి. మైదానాలు అవసరం లేదు.

చదవడం అయ్యాక ఇంజనీరుగారు కాగితం మడిచి నా ముఖం చూశారు. "గడ్డి బాగా తడిసిందా ఆ రోజు?" అన్నారు.

"బాగా తడిసింది సార్."

"ఊఁ" అన్నారు. ఇక ఆ మాట ఎత్తలేదు. బంగారం అంగళ్ళవాళ్ళు మాత్రం కొన్నాళ్ళు సంతోషంగా ఉన్నారు, మాకు రానిది వాళ్ళకూ రాలేదని. తర్వాత ఎన్నో ఏళ్ళకు ఏటికి వంతెన పడింది. అది ఆ రిపోర్టు పుణ్యమే అని హెడ్ గుమాస్తా చచ్చేదాకా నమ్మాడు. నేను నమ్మను, కానీ కాదని కూడా అనను. ఆసుపత్రికి బండి మీద వచ్చే జబ్బు మనుషుల్ని ఏటి ఒడ్డున చూసినప్పుడల్లా మాత్రం, ఆ రోజు ఇరవై నిమిషాలకే పొగ వేసి ఉంటే ఏమయ్యేదో అని ఒక ఆలోచన వచ్చేది. దానికి జవాబు ఏ మ్యాపులోనూ దొరకలేదు.

రిపోర్టు విన్న మరునాడు పొద్దున మైదానానికి పోయాను. సున్నపు రాళ్ళు పీకించాలని ఉత్తరువు. పడుగులు పరిచి ఉన్నాయి. పెద్దమ్మ కుంచె పట్టుకుని ఉంది. ఆమె పడుగు మగ్గమెక్కి, బట్టయి, ఎవరి ఒంటి మీదికో చేరిపోయింది. ఇప్పుడు దువ్వుతున్నది మళ్ళీ ఇతరులదే.

"ఇక మీరు భయపడక్కర్లేదమ్మా" అన్నాను. "విమానం రాదు. ఎప్పటికీ రాదు. ఈ నేల ఇక మీ సొంతం."

సంతోషిస్తుందనుకున్నాను. కుంచె ఆపింది. ఏటి వైపు, ఆ రోజు అది వచ్చిన దిక్కుకు, కాసేపు చూసింది.

"రాదా?" అంది. "అయ్యో. మరి మంచుదినాల్లో ఆరేదెట్ల నాయనా?"